లారీ ఎక్కని ఖర్చులు

"హైదరాబాదులో తొంభై వేలు, బెంగళూరులో లక్షా పది వేలు. ఏది మేలంటారు?" ఈ మధ్య నన్ను ఈ ప్రశ్న అడగనివాళ్లు తక్కువ. పెళ్లి భోజనాల దగ్గర పక్కన కూర్చున్నావిడ కొడుకు కోసం అడుగుతుంది. మెట్ల మీద ఎదురైన మూడో అంతస్తు ఆయన అల్లుడి కోసం అడుగుతాడు. ఊళ్లు మారుతుంటాయంతే, ఒకరికి విజయవాడా హైదరాబాదా, ఇంకొకరికి చెన్నైయా ముంబైయా. ఆ వెంటనే వచ్చే రెండో మాట మాత్రం అందరిదీ ఒకటే: "అక్కడ కూరగాయలు మండిపోతున్నాయటగా?"

కూరగాయల్ని కాసేపు పక్కన పెడదామండీ. ముందు మీ వంటింట్లోకి వెళ్లి అలమర తెరవండి. టీపొడి, సబ్బు, పేస్టు, బిస్కెట్లు, నూనె ప్యాకెట్టు. ప్రతిదాని మీదా ఎమ్మార్పీ అచ్చేసి ఉంటుంది. అది గుంటూరులో కొన్నా గురుగ్రామ్‌లో కొన్నా అంతకు మించి తీసుకోకూడదు. 2017 జులై 1 నుంచి వీటి మీద పన్ను కూడా దేశమంతా ఒకటే. ఇక బియ్యం. మిర్యాలగూడ మిల్లులో ఆడిన సన్నబియ్యం ముంబై చేరేసరికి కిలోకి ఆరు రూపాయలు పెరిగిందే అనుకుందాం. నలుగురున్న ఇంట్లో నెలకి ముప్పై కిలోలు వండినా తేడా నూట ఎనభై. దానికోసం ఉద్యోగం వద్దనుకునేవాళ్లుండరు.

గ్యాసు బండ సంగతీ అంతే. 2025 ఏప్రిల్‌లో యాభై రూపాయలు పెంచాక ఢిల్లీలో 853, హైదరాబాదులో 905 అయింది. బండకి యాభై రెండు రూపాయలు తేడా. పెట్రోలుకి జీఎస్టీ లేదు, ఏ రాష్ట్రం పన్ను ఆ రాష్ట్రానిదే కాబట్టి అక్కడ తేడా కాస్త గట్టిగానే కనిపిస్తుంది. 2024లో ఢిల్లీలో లీటరు 95 రూపాయల లోపు ఉంటే హైదరాబాదులో 107 దాటింది. కాకినాడ వైపు వాళ్లకి ఇది ఎవరూ చెప్పక్కర్లేదు. యానాం పుదుచ్చేరి కిందికి వస్తుంది, అక్కడ పన్ను తక్కువ. అటు పని మీద వెళ్లినవాళ్లు ట్యాంకు నింపకుండా తిరిగి రారు. అయినా లెక్క వేసి చూడండి. మోటారు సైకిలుకి నెలకి పాతిక లీటర్లు పోసేవాడికి ఢిల్లీకీ హైదరాబాదుకీ వచ్చే తేడా మూడు వందల చిల్లర.

పాలు కాస్త వేరు. చెన్నైలో ఆవిన్ నీలం ప్యాకెట్టు 2021లో లీటరు నలభైకి దిగింది. బెంగళూరులో నందిని నీలం ప్యాకెట్టు 2025 ఏప్రిల్‌లో నాలుగు రూపాయలు పెరిగాక కూడా 46. హైదరాబాదులో అలాంటి పాలకి అంతకన్నా బాగా ఎక్కువే పెడుతున్నాం. కర్ణాటకలో పాడి రైతుకి ప్రభుత్వం లీటరుకి ఇంత అని విడిగా ఇస్తుంది, అందుకే ప్యాకెట్టు ధర అంతలో ఆగుతోంది. రోజుకి రెండు లీటర్లు పోయించుకునే ఇంటికి నెలకి ఏడెనిమిది వందలు మిగులుతాయి. మంచిదే. కానీ ఇరవై వేల జీతం తేడా గురించి మాట్లాడుకుంటూ పాల దగ్గర ఆగిపోతే ఎలా?

లారీ ఎక్కగలిగినవన్నీ ఏ ఊళ్లోనైనా కాస్త అటూ ఇటూగా ఒకటే ధర పలుకుతాయండీ. లారీ ఎక్కనివి కొన్ని ఉన్నాయి. నేల ఎక్కదు, నీళ్లు అంత తేలిగ్గా ఎక్కవు, మనిషి సమయం అసలే ఎక్కదు. ఊరికీ ఊరికీ తేడా ఉన్నదంతా వీటి దగ్గరే.

ఇది నేను కొత్తగా కనిపెట్టిందేమీ కాదు. కేంద్ర ప్రభుత్వ ఉద్యోగి జీతం చీటీ తీసి చూడండి. కరువు భత్యం ముంబైలో ఉన్నవాడికీ కాకినాడలో ఉన్నవాడికీ ఒకటే శాతం. ఊరిని బట్టి మారేవి రెండు, ఇంటద్దె భత్యం, రవాణా భత్యం. 2024 జనవరి నుంచి ఇంటద్దె భత్యం ఎక్స్ తరగతి ఊళ్లలో మూల వేతనం మీద ముప్పై శాతం, వై ఊళ్లలో ఇరవై, జెడ్ ఊళ్లలో పది. హైదరాబాదు, బెంగళూరు, చెన్నై, ముంబై ఎక్స్. విజయవాడ, విశాఖ, గుంటూరు, నెల్లూరు, వరంగల్లు వై. కాకినాడ, తిరుపతి, రాజమండ్రి జెడ్. యాభై వేల మూల వేతనానికి పదిహేను వేలు, పది వేలు, అయిదు వేలు అన్నమాట. పప్పూ ఉప్పూ అందరికీ ఒకటే, నెత్తి మీద కప్పూ వెళ్లొచ్చే దారీ వేరు అని ప్రభుత్వమే ఒప్పుకున్నట్టు. ఈ తరగతులు జనాభాని బట్టి పెట్టినవి, అదీ 2011 లెక్కల ప్రకారం. ఆ తర్వాత తిరుపతిలో అద్దె ఇల్లు వెతికిన వాళ్లకి ఆ పది శాతం ఏ మూలకి వస్తుందో తెలుసు.

ఇక్కడొక చిక్కు కూడా చెప్పాలి. ధరల సూచీ అని పేపర్లో వస్తుంది చూడండి, కార్మికుల కోసం సిమ్లాలోని లేబర్ బ్యూరో ప్రతి నెలా దేశంలోని 88 కేంద్రాలకి విడివిడిగా వేసే లెక్క. అందులో ఒక ఊరి అంకె ముంబై కన్నా పెద్దదిగా ఉంటే, ముంబై కన్నా ఆ ఊళ్లోనే బతుకు భారం అని అనేసేవాళ్లు చాలామంది. తప్పండీ. 2016లో ఆ ఊళ్లో ఉన్న ధరలని వంద అనుకుని, అదే ఊళ్లో ఇప్పుడెంత అని చెప్పే అంకె అది. ముంబైకి ముంబై వంద, గుంటూరుకి గుంటూరు వంద. ఆ ఊరు తన పాత రోజులతో పోలిస్తే ఎంత పెరిగిందో తెలుస్తుంది గానీ పక్కూరితో పోలిక అందులో ఉండదు. మీ అబ్బాయి ఎత్తు పోయినేడాది కన్నా ఎంత పెరిగిందో చెబితే, పక్కింటి అబ్బాయి కన్నా పొడుగో కాదో తెలియదు కదా. ఫోన్లో ఊరి పేర్లు రెండు కొడితే "ఈ జీతానికి అక్కడ ఇంత కావాలి" అని ఒక్క అంకె చెప్పేవీ ఉన్నాయి. ఆ ఒక్క అంకెలో అద్దె ఎవరిది, ఎన్ని గదులది, ఆఫీసుకి ఎంత దూరంలోది అన్నది ఉండదు. సొంతిల్లున్నవాడికీ అద్దెకున్నవాడికీ ఒకే అంకె ఇచ్చే లెక్కని నేను నమ్మను.

మా మేనకోడలు హైదరాబాదు నుంచి బెంగళూరు వెళ్లింది. వెళ్లేముందు ఫోన్ చేసి, "అత్తా, అక్కడ అద్దె ఇక్కడికన్నా నాలుగైదు వేలే ఎక్కువట, పర్లేదు కదా" అంది. అద్దె కాదమ్మా, అడ్వాన్సు అడుగు అన్నాను. హైదరాబాదులో మనకి రెండు నెలల అడ్వాన్సు అలవాటు. బెంగళూరులో పది నెలలది అడగడం పాత ఆనవాయితీ, ఇప్పుడు కొందరు ఆరుకి, అయిదుకి దిగుతున్నారు. ముప్పై వేల అద్దెకి పది నెలలంటే మూడు లక్షలు. ఏడు శాతం వడ్డీ వేసుకున్నా ఏడాదికి ఇరవై ఒక్క వేలు, అంటే నెలకి 1,750 కనపడకుండా పోతున్నట్టే. అది కూడా చేతిలో మూడు లక్షలు ఉన్నవాడికి. అప్పు తెచ్చి కట్టేవాడికి ఇంకా ఎక్కువ. ఖాళీ చేసేటప్పుడు రంగుల కింద ఒక నెల అద్దె పట్టుకుని మిగతాది ఇస్తారు. పదకొండు నెలలకే ఒప్పందం రాయించుకుంటారు, ఏడాది దాటితే రిజిస్టరు చేయించాలి కాబట్టి. ఏడాది తిరిగేసరికి అద్దె పెంపు మాట సిద్ధం. ఇళ్లకి రెండు నెలల అడ్వాన్సు దాటకూడదని 2021లో కేంద్రం నమూనా చట్టమొకటి చేసింది, కానీ దాన్ని తెచ్చుకోవడం రాష్ట్రాల ఇష్టం.

ఇంతలో మా మేనకోడలికి కారు గుర్తొచ్చింది. తెలంగాణ నంబరు బండి. వేరే రాష్ట్రంలో పన్నెండు నెలలు దాటి ఉంచితే అక్కడ మళ్లీ నంబరు మార్పించాలి, అక్కడి లైఫ్ ట్యాక్సు కట్టాలి. ఇక్కడ కట్టినదాంట్లో మిగిలిన భాగం వెనక్కి తెచ్చుకోవడానికి మళ్లీ ఇక్కడి ఆఫీసు చుట్టూ తిరగాలి. రాష్ట్రం మారినా మార్చక్కర్లేని బీహెచ్ నంబర్లు 2021లో వచ్చాయి గానీ అవి అందరికీ ఇవ్వరు. చివరికి కారు నాన్న దగ్గర వదిలేసి వెళ్లింది. మంచి పని చేసింది. ఆ ఊళ్లో కారుండి కదిలేదీ తక్కువే.

ముంబై మాట ఎత్తితే అందరూ అద్దె అంకె చెప్పి గుండె మీద చెయ్యి వేసుకుంటారు. నిజమే, కానీ ముంబై వెళ్లినవాళ్లు హైదరాబాదులో ఉన్న ఇంటినే అక్కడ వెతకరండీ. ఇక్కడ రెండు పడగ్గదులు, పూజ గది, బట్టలారేసుకునే బాల్కనీ ఉన్నవాళ్లు అక్కడ ఒక హాలూ ఒక గదిలో సర్దుకుంటారు. మామగారు ఊరి నుంచి వస్తే హాల్లో పరుపు పరుస్తారు. వర్లీలోని బీడీడీ చాల్స్ అనే పాత భవనాల్లో మన పద్మశాలి కుటుంబాలు నూట అరవై చదరపు అడుగుల గదిలో రెండు మూడు తరాలు గడిపాయి. కాబట్టి "అదే బతుక్కి అక్కడెంత" అని అడిగితే జవాబు ఉండదు. అదే బతుకు అక్కడ దొరకదు. ఇల్లు ఇరుకవుతుంది, లేదా దూరమవుతుంది. విరార్‌లో ఇల్లు తీసుకుని చర్చ్‌గేట్ దాకా లోకల్ ట్రెయిన్లో వచ్చేవాళ్లకి పాసు ఖరీదు పెద్ద లెక్కలోది కాదు, అంత చవకగా మనిషిని అరవై కిలోమీటర్లు మోసే ఊరు ఇంకొకటి చూపించడం కష్టం. కానీ రానూపోనూ రోజుకి మూడు గంటలు. నెలకి పాతిక రోజులు వేసుకుంటే డెబ్భై అయిదు గంటలు, మూడు రాత్రింబగళ్ల పైన. పిల్లవాడు నిద్ర లేవకముందే వెళ్లి, పడుకున్నాక వచ్చే తండ్రి ఆ అద్దె బాకీని వాడి బాల్యంతో తీరుస్తున్నాడు. ఈ ఖర్చు ఏ సూచీలోనూ చేరదు. నాకు ఎక్కువ బాధనిపించేది దీని గురించే.

నీళ్లూ అంతే. బెంగళూరుకి కావేరి నీళ్లు దాదాపు వంద కిలోమీటర్ల అవతల నుంచి, ఎత్తుకి తోడి తేవాలి. ఊరి అంచుల్లో వెలిసిన అపార్టుమెంట్లు ఎన్నో ఏళ్లు బోర్లనీ ట్యాంకర్లనీ నమ్ముకున్నాయి. 2024 ఎండాకాలంలో బోర్లు ఎండిపోయినప్పుడు ట్యాంకర్లవాళ్లు చెప్పిందే రేటయింది. అప్పుడు జిల్లా యంత్రాంగం కలగజేసుకుని, అయిదు కిలోమీటర్ల లోపు పన్నెండు వేల లీటర్ల ట్యాంకరుకి వెయ్యి రూపాయలని రేటు కట్టింది. 2019లో చెన్నైకి జోలార్‌పేట నుంచి రైళ్లలో నీళ్లు తెచ్చారు. హైదరాబాదులో ఇంటికి నెలకి ఇరవై వేల లీటర్లు ఉచితమని 2021లో మొదలుపెట్టారు, పైపు ఉన్న ఇంటికి అది నిజంగా పెద్ద సాయం. పడమటి వైపు కొత్త కాలనీల్లో వేసవికి ట్యాంకరు పిలవాల్సినవాళ్లకి ఆ సాయం అందదు. అందుకని మా మేనకోడలికి చెప్పాను: ఇల్లు చూడ్డానికి వెళ్లినప్పుడు ఓనరుగారిని కాదు, వాచ్‌మన్‌ని అడుగు. ఏప్రిల్‌లో రోజుకి ఎన్ని ట్యాంకర్లొస్తాయి, మెయింటెనెన్సులో ఆ డబ్బు కలిసే ఉందా విడిగానా అని. అడిగింది. మొదట నచ్చిన ఇల్లు వదులుకుని, ఆఫీసుకి నడిచి వెళ్లగలిగే చోట చిన్న ఇల్లు తీసుకుంది. ఇప్పుడు సాయంత్రం ఆరున్నరకి ఇంటి నుంచి ఫోన్ చేస్తుంది.

ఇన్ని చెప్పాక కూడా అసలు సంగతి మిగిలే ఉంది. ఒకే ఊళ్లో రెండు ధరలుంటాయి, అక్కడ పాతుకుపోయినవాడికి ఒకటీ, కొత్తగా వచ్చినవాడికి ఒకటీ. పాతవాడికి అడ్వాన్సు లేదు, బ్రోకరు లేడు, కిరాణా కొట్లో ఖాతా ఉంది, పిల్లల్ని ఒక పూట చూసే పిన్నిగారు పక్క వీధిలో ఉన్నారు. కొత్తవాడు వీటన్నిటికీ డబ్బు పెట్టాలి. విజయవాడ చవకంటే అద్దెల వల్లే కాదు, అక్కడ అమ్మానాన్నల ఇల్లుందని కూడా. అదే విజయవాడకి లక్నో నుంచి వచ్చిన కుర్రాడికి అంత చవకేం కాదు. జీతం బాగున్నవాళ్లు ఈ కొత్తదనం ఖరీదు ఒకటి రెండేళ్లలో తీర్చేస్తారు. తీర్చలేనివాళ్ల దగ్గరే నా మనసు ఆగిపోతుంది.

మా అపార్టుమెంటులో పనిచేసే ఆవిడది శ్రీకాకుళం జిల్లా. మొగుడు సెంట్రింగు పని. బస్తీలో ఒక గది తీసుకున్నారు. కరెంటుకి విడి మీటరు లేదు, ఇంటి ఓనరు గది గోడకి ఒక చిన్న సబ్ మీటరు బిగించి యూనిట్‌కి పది రూపాయలు తీసుకుంటాడు. ఒక ఫ్యాను, రెండు బల్బులు, ఒక టీవీ. ఆ గదికే విడి మీటరు ఉంటే తెలంగాణలో మొదటి యాభై యూనిట్లకి యూనిట్ రెండు రూపాయల లోపే. తెల్లకార్డుంటే రెండు వందల యూనిట్ల లోపు అసలు బిల్లే ఉండదు. ఏసీ వేసుకునే మాకంటే యూనిట్‌కి ఆవిడ ఎక్కువ కడుతోంది!

బస్సు సంగతి ఒక రోజు తనే చెప్పింది. 2023 డిసెంబరు 9 నుంచి తెలంగాణలో ఆడవాళ్లకి సిటీ ఆర్డినరీ, మెట్రో ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో టికెట్టు లేదు, కండక్టరు జీరో టికెట్ కొట్టి ఇస్తాడు. మన పక్కింటి పనమ్మాయిలకి అది నెలకి వెయ్యి దాటిన మాట. 2025 జూన్‌లో పెంచాక ఆర్డినరీ పాసే 1,400 అయింది మరి. "నాకు జీరో టికెట్ ఇవ్వరమ్మా, నా ఆధార్ మా ఊరిదే కదా" అంది. తెలంగాణ చిరునామా ఉన్నవాళ్లకే అది. ఆంధ్రాలోనూ 2025 ఆగస్టు 15 నుంచి ఆడవాళ్లకి బస్సు ఉచితమే, కానీ అది ఏడాదికి ఒకసారి సంక్రాంతికి ఊరెళ్లినప్పుడు పనికొస్తుంది. పని చేసేది ఇక్కడ, హక్కు ఉన్నది అక్కడ. ఆధార్ ఇక్కడికి మార్పించుకోవచ్చుగా అన్నాను. "మారిస్తే అక్కడ రేషను కార్డులోంచి పేరు తీసేస్తే? అత్తకి పింఛను నాలుగు వేలొస్తంది. దానికేమన్నా అయితే?" అంది. ఆ భయం ఎంతవరకు నిజమో చెప్పగలిగే మనిషి ఆవిడకి ఈ ఊళ్లో లేడు. రేషను బియ్యం మాత్రం దేశంలో ఎక్కడైనా తీసుకోవచ్చు కాబట్టి ఇక్కడి డిపోలోనే తెచ్చుకుంటోంది. బియ్యానికి చేసిన ఏర్పాటు బస్సుకీ కరెంటుకీ ఎందుకు చెయ్యకూడదో నాకు అర్థం కాదు. ఇక్కడ మన గిన్నెలు తోమి, మన మెట్లు కడిగే మనిషి ఈ ఊరి మనిషి కాదా?

ఆవిడ తమ్ముడు బెంగళూరులో ఉన్నాడు. అక్కడికి రమ్మని పిలుస్తున్నాడట. అక్కడా ఆడవాళ్లకి బస్సు ఉచితమే, కానీ కర్ణాటక చిరునామా ఉండాలి. ఇందిరా క్యాంటీన్లో టిఫిన్ అయిదు రూపాయలు, భోజనం పది, వాటికి ఆధార్ అక్కర్లేదు. గది అద్దె ఇక్కడికన్నా ఎక్కువ, అడ్వాన్సు ముందే కట్టాలి. ఆవిడ వేళ్ల మీద లెక్కపెట్టుకుంటూ ఇవన్నీ చెబుతుంటే, ఐటీ కుర్రాళ్లు అడిగే ప్రశ్నే కదా ఇదీ అనిపించింది. చిన్న చిన్న అంకెలు, తప్పితే నిలబడే చోటు లేని లెక్క. ప్రస్తుతానికి వెళ్లడం మానుకుంది, పెద్దపిల్ల ఇక్కడి సర్కారు బడిలో ఏడో తరగతి చదువుతోందని.

ఆవిడ పనిచేసే నాలుగిళ్లవాళ్లం మాట్లాడుకుని బస్సు పాసు డబ్బు జీతంతో కలపకుండా విడిగా ఇస్తున్నాం, ఇంటికి మూడు వందల యాభై పడుతోంది. విడి మీటరు కోసం ఇంటి ఓనరుతో మాట్లాడే పని ఇంకా అవలేదు, ఆయన "ఖాళీ చెయ్యమను" అంటాడేమోనని ఆవిడే వద్దంటోంది. మీ ఇంటికి పనికి వచ్చే ఆవిడ ఆధార్ ఏ ఊరిదో, కరెంటు యూనిట్‌కి ఎంత కడుతోందో ఈ వారంలో ఒకసారి అడగండి.